ఐదింటి పంటు

చివరి పీరియడుకి ఎవరూ ఉండకూడదని
ముందు ఎవరన్నారో ఇప్పటికీ తెలీదు.
వంతు రాని చేలోకి బోదె నీళ్ళు పాకినట్టు
బెంచీల కింద నుంచి పాకింది మాట.

అందరం లేచాం.
దీవెన లేవలేదు.
పెన్ను మూత తీసి తేదీ వేసుకుంది.
"వస్తావా, రావా" అని సాయిమంగ అడిగిన తీరులో
ప్రశ్న లేదు.

క్యాంటీన్ వెనక సపోటా చెట్టు కింద
ముప్పై ఎనిమిది మందిమి
తలా ఓ సమోసా తిన్నాం.
నాకు ఆ పాఠం కావాలి. చెప్పలేదు.
గట్టిగా నవ్వాను,
నవ్వు తగ్గితే కనిపెట్టేస్తారని.

ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కాం, ఆరుగురం.
ఇంజను చప్పుడు సగం మాటల్ని మింగేస్తుంది కదా,
ఆ ధైర్యంతో కాబోలు
"నాకైతే ఉండాలనే ఉందే" అంది సత్యవేణి
నీళ్ళకేసి చూస్తూ.
"ఆయ్, నాకూనూ" అన్నాడు వీరబాబు
మోపెడ్ బ్రేకు వదలకుండానే.
నడిగోదాట్లోకి వచ్చేసరికి సాయిమంగ కూడా
"మీరంతా వెళ్దామంటేనే గదా నేను..." అని ఆగింది.

మరి వెళ్దామన్నది ఎవరు?
పంటులో ఓ చూడి గేదె, ఇద్దరు రొయ్యల వ్యాపారులు,
గొడుగు లైట్లతో ఓ పెళ్ళి ఫొటోగ్రాఫరు.
వాళ్ళలో ఎవరో అయ్యుండాలి.

అటు చివర, కొబ్బరికాయల బస్తా మీద
దీవెన కూచునుంది, నోట్సు ఒళ్ళో పెట్టుకుని.
పక్కన చోటుంది.
చోటుందని మా ఆరుగురికీ తెలుసు.
ముందు ఎవరు లేస్తారా అని
ఒకళ్ళనొకళ్ళం చూసుకుంటూ ఉండగానే
కోటిపల్లి రేవుకి కొట్టుకుని
పంటు ఆగింది.