ఏడో గడి

రిజిస్టరులో ఏడో గడి కడుపుది.
తేదీ, చోటు, పొడవు, బరువు,
ఆడో మగో, శన ఎంత ముదిరిందో,
ఇవన్నీ అయ్యాక
కత్తెర మొన పెట్టి సంచి విప్పి
ఏం తిన్నదో రాయాలి.

పదకొండేళ్లుగా ఇదే ఉద్యోగం,
ఎవరివో ఆఖరి భోజనాలు చదవడం.

అడయారు మొగలో పడ్డ పండుగప్పకి దాపరికం లేదు.
రొయ్యలు రెండు, మీసాలింకా అరగలేదు.
బొంతపిల్ల ఒకటి, తలవైపు నుంచి మింగింది.
ఒకసారి సొంత జాతి పిల్లే, వేలెడంత.
ఉప్పునీళ్లు దాటి అది ఆకలి వెంటే వస్తుంది.
వానలప్పుడు సైదాపేట వంతెన దాకా ఎక్కి
ఊరు వదిలేసిన నీళ్లలో కూడా
వెతుక్కుని తింటుంది.
బొంతల కడుపులో బురద.
సూక్ష్మదర్శిని కింద పెడితే
పచ్చ గాజుపెంకులు, పగిలిన గాజులకొట్టులా.

జులై నెలాఖర్లో సెంట్రల్ పార్సిల్ ఆఫీసు నుంచి
థర్మాకోల్ పెట్టె వచ్చింది, యానాం చిరునామాతో.
ఐసులో నాలుగు పులసలు.
సముద్రంలో ఉన్నన్నాళ్లూ విలస,
గోదారి ఎర్రనీళ్లెక్కాక పులస.

మొదటిది కోశాను. ఖాళీ.
రెండోది, ఖాళీ.
మూడోదాని కడుపు తడిసిన చేతితొడుగులా ముడుచుకుపోయి ఉంది,
లోపల ఒక పసరు చుక్క.
నాలుగోది కొయ్యకుండానే ఖాళీ అని రాసి
సిగ్గేసి, కొట్టేసి,
కోసి,
మళ్లీ ఖాళీ అని రాశాను.

పుస్తెలమ్మైనా తినాలంటారు దీన్ని.
ఇది తన ఒంటి కొవ్వు అమ్ముకుంటూ
ఒక్క మెతుకు ముట్టకుండా ఏరెక్కింది.

చింతాద్రిపేట బజారులో దేశమ్మక్కకి చెప్పాను.
కత్తిపీట మీంచి తలెత్తలేదు.
"ఇన్ని చదివి నీకిప్పుడు తెలిసిందా?
శన మీదున్నదాని పేగు దారమంత ఉంటాది.
లోపల ఉండేదే ఒక గది కదా."
పొలుసులంటిన చేత్తో టీగ్లాసు తడిమింది.
పొద్దుటి గ్లాసే. మీగడ తోలు కట్టింది.

విరిగిన వంతెన మీద గాలమేసే సెబస్తియాన్
ఓడల్లో ఇంజనుకి నూనె పోసిన మనిషి.
చలిదేశాల ట్రౌట్ గురించి చెప్పాడు.
కడలిలో బలిసి, పుట్టిన ఏటికి తిరిగొచ్చి
దాదాపు నోరు మూసేస్తుందట.
అయినా ఏ నడిరాత్రో
ఈకలతో కట్టిన దొంగపురుగు నీటిమీద పాకితే
చటుక్కున కరుస్తుందట.

ఆకలి లేనిది ఎందుకు కరుస్తుంది?

"చిన్నప్పుడు ఆ ఏట్లోనే పురుగులు తిని పెరిగింది.
కడుపు మరిచిపోద్ది తమ్ముడూ,
నోరు మరవదు."
అని దారం లాగి చూసుకున్నాడు. పాలిథిన్ కవరు.

ఆ మాటకి రిజిస్టరులో గడి లేదు.
ఎనిమిదోది రిమార్కులది, అందులో
'ఐసు చాలినంత ఉంది' అని రాసి సంతకం చేశాను.

ఆ రాత్రి భోంచేసే బయల్దేరాను.
బస్సు దిగినచోట పెట్టికొట్టులో
ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన రేగువడలు వేలాడుతున్నాయి.
సూళ్లూరుపేట బడి గేటు ముందు
ఇవే, కాగితం కూడా లేకుండా.

ఆకలి లేదు.
చిల్లర కోసం జేబులో చెయ్యి పెట్టేలోపే
పళ్ల మధ్య గింజ కరకరలాడింది.