ఎనిమిదో వారం

రాసుకోండి డాక్టరు గారూ,
రాత్రి తొమ్మిదిసార్లు లేచాను.
అందులో ఒకటి వాన చప్పుడుకి,
అది మీ లెక్కలోకి వస్తుందో రాదో మరి.

లాకుల దగ్గర లస్కరునండి.
తలుపు దించానని నా చేతులకి తెలుసు,
పళ్ళచక్రం మీది గ్రీజుకి తెలుసు,
తలలో ఒకడున్నాడు, వాడికే తెలీదు.
దించావా? అంటాడు.
దించాను.
చూశావా?
చూశాను.
చూసినట్టు కలగన్నావేమో?
టార్చి పట్టుకుని మళ్ళీ గట్టెక్కుతాను.
కాలవ మాత్రం హాయిగా నిద్రపోతూ ఉంటుంది.

మా వెంకాయమ్మ మొదట్లో నవ్వేది,
కొన్నాళ్ళు లాంతరు పట్టుకుని కూడా వచ్చింది.
చివరికి గోడ మీద సున్నంతో గీత గీసి
"నీళ్ళు దీన్ని దాటలేదు, ఇంక పడుకో" అంది.
ఆ గీతని చూడ్డానికి లేచేవాణ్ణి.

మొదటి సీసా పాతదే,
ఏడాదిగా మింగుతున్నాను.
సగం చవుడు కడిగింది, సగం అలాగే ఉంది.
ఈ రెండో సీసా మీద పేరు లేదు, నంబరే.
మందో పిండో నాకు తెలీదు,
మీకూ తెలీదన్నారు.
బస్సులో ఒక్కణ్ణే నవ్వుకున్నానండి.
తెలీకపోవడం ఓర్చుకోలేకే కదా ఇక్కడికొచ్చాను!
సంతకం పెట్టే కాగితం నాలుగుసార్లు చదివాను,
ఐదోసారి నర్సమ్మ లాక్కుంది.

అమలాపురం ఆస్పత్రి వరండాలో
మా బల్ల మీద ముగ్గురం.
బండారులంక నేతగాడు,
పోగు లెక్క తప్పిందని జానెడు చీర విప్పేస్తాడు.
ముమ్మిడివరం నించి డిగ్రీ చదివే పిల్ల,
నడినెత్తిన జుట్టు పీక్కుంటుంది, స్కార్ఫు తియ్యదు.
నిద్రొస్తోందా? నోరెండుతోందా?
అసలు మాత్ర ఎవరికి పడిందో కూపీ లాగుతుంటాం.
మొన్న ఆ పిల్ల గోడకానుకుని కునికింది.
నేతగాడూ నేనూ
గొంతు తగ్గించి సంబరపడ్డాం.

మీ నలభై మార్కుల పరీక్షలో
ముప్పై ఒకటి నించి పంతొమ్మిదికి దిగాను.
బళ్ళో ఇలా దిగితే మా నాన్న చీరేసేవాడు.

ఇంకో సంగతి, ఇది రాయాలో వద్దో మీరే చూడండి.
పోయిన మంగళవారం గుర్రపుడెక్క అడ్డుపడి
తలుపు నిజంగానే పూర్తిగా దిగలేదు.
ఆ రాత్రే నేను లేవలేదు.
తెల్లారి చూస్తే అడుగున నాలుగు వేళ్ళ సందు,
రాత్రంతా నీళ్ళు పోతూనే ఉన్నాయి.
ఏఈ గారు ఫోన్లో తిట్టారు.
శివారు రైతు ఒకడు మాత్రం
ఈ సాగుకి తన చేను తడవడం ఇదే మొదలని
చక్కెరకేళి గెల మోసుకొచ్చాడు.
తలలోవాడు "చెప్పానా!" అన్నాడు.
అన్నాడంతే.
పండు ఒలుచుకు తిన్నాను.
గెలకి ఎన్ని అత్తాలో లెక్కపెట్టలేదు.

పన్నెండో వారం నంబరు విప్పుతారట కదా,
విప్పండి.
పిండే అని తేలితే మాత్రం
వెంకాయమ్మతో ఒక్కసారిగా అనకండి.
మొన్ననే తడిగుడ్డ పెట్టి
గోడ మీద గీత తుడిచేసింది.