రాక

మొగలి పొదలు నరికి కట్టిన రిసార్టు మాది,
బరంపురం నుంచి గోపాల్‌పూర్ పోయే దారిలో.
నీళ్ళ జారుడుబల్లలు పదకొండు, సిమెంటు ఏనుగొకటి,
ఏనాడూ నీళ్ళు తాకని ఓడొకటి.
ఆ ఓడ కడుపులో భోజనాల హాలు.
మెట్ల కింద, ఫోను పక్కన, నేను.

ముందురోజు సాయంత్రం ఆరు దాటాక వద్దంటే
తలకి మూడొందలు.
ఈ మాట ఒడియాలో చెప్పడం మేనేజరు నేర్పాడు.
హిందీలో కాగితం మీద ఉంది.
తెలుగులో ఎవరూ చెప్పలేదు.
నాకున్నది మా అమ్మమ్మ నోటి తెలుగు:
అందులో చేపల బేరముంది, తిట్లున్నాయి,
దిష్టి తీసే మాటలున్నాయి,
కాన్సిలేషన్ చార్జీ లేదు.
"రాకపోతే కట్టాలమ్మా" అని
నేనే ఒకటి అతికించుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నానికి ఏడుగురు.
పేరు?
"పదో తరగతి, తెలుగు సెక్షను."
మనిషి పేరు కావాలమ్మా.
"పొట్నూరు సుగుణావతి. రోల్ నంబరు నాలుగు."
వాళ్ళ తర్వాత ఆ సెక్షను ఎత్తేశారట.
గదిలో సైకిళ్ళు పెట్టుకున్నారట.

బుధవారం: "ఆరుగురం రాసుకో అమ్మీ,
కూర్మారావుకి ఖుర్దా రోడ్డులో డ్యూటీ పడింది."
గురువారం: "బైరాగి రాడు. ఎందుకురా అంటే
మీరెవరూ నాకు అప్పుడూ నచ్చలేదన్నాడు."
చాలా సేపు నవ్వింది. నేనూ నవ్వాను.
శుక్రవారం ఫోను లేదు.
శనివారం ఆరున్నరకి, గడియారం చూస్తూనే ఉన్నాను,
ధర్మావతి మనవరాలికి జ్వరం. భీమేశుకి బండి దొరకలేదు.
ఏడుంపావుకి లోకనాథం. కారణం చెప్పలేదు.
తొమ్మిదికి ఇంకొకావిడ, పేరు సరిగ్గా వినపడలేదు,
ఆ పక్క టీవీ మోగుతోంది.
"ఇక నేనే. నన్నూ కొట్టేస్తే ఎంత?"
పదిహేనొందలు.
"వస్తే?"
పన్నెండొందలు. తిన్నది వేరే.
"అయితే వస్తాను. మూడొందలు మిగుల్తాయి కదేటి."

ఆదివారం ముసురు.
జారుడుబల్లలకి నీళ్ళు ఆపేశారు, పైనుంచి పడుతున్నవి చాలని.
ఆటో దిగి మెట్లెక్కి వచ్చింది,
నేననుకున్నదాని కంటే పొట్టి మనిషి.
గొడుక్కి ఒక కుర్చీ వేసింది, సంచికి ఒకటి,
తడిసిన రుమాలు ఒకదాని వీపున ఆరేసింది.
"డబ్బు కట్టినవే కదా" అంది.
అన్నం, పప్పు, రొయ్యల వేపుడు.
ముద్దకీ ముద్దకీ మధ్య గుమ్మం వైపు
చూడకుండా ఉండడానికి
సిమెంటు ఏనుగుని చూసింది.

బిల్లు నేనే తీసుకెళ్ళాను.
నాలుగు తలలు, పన్నెండొందలు.
"మా డ్రిల్లు మాస్టారు గైర్హాజరుకి పావలా వేసేవారు.
అన్నీ పెరిగాయి."
అని, నోట్లు లెక్కపెడుతూ,
"రాకపోతే అంటావే నువ్వు ఫోన్లో.
మన భాషలో రావడమూ రాకే,
రాక ఉండిపోవడమూ రాకే.
ఒకే మాట. దేనికి దండుగ వేశావో
బిల్లు చూసి చెప్పు."
నేను బిల్లు చూశాను. అంకెలున్నాయి.

పెన్నడిగింది. బిల్లు వెనక ఏదో రాసింది, నాలుగు వరసలు.
నాకు తెలుగు చదవడం రాదన్నాను.
"తెలుసు" అంది.
గొడుగు తీసుకుంది, రుమాలు మరిచిపోయింది.

ఆ కాగితం మేనేజరు ఫైల్లో గుచ్చేశాడు,
అంకెలు పైకి.
నాలుగు పేర్లేమో అనుకుంటాను ఒక్కోసారి.
అయితే మిగతా ఇద్దరూ?
బైరాగి?

ఇదంతా ఒడియా అక్షరాల్లోనే రాసుకుంటున్నాను.
అవీ గుండ్రమే, ఇవీ గుండ్రమే,
దూరం నుంచి చూస్తే తేడా తెలీదు.
ఫోను మోగుతోంది.
ఎవరిదో పుట్టినరోజట, ఇరవై మంది.
తలకి ఎంతో చెప్పాను.
రుమాలు సొరుగులో ఉంది.