చుక్కలు

మిల్లు కాగితమే. అంచు సరిగ్గా తెగలేదని
పక్కన పడేసిన రీము నుంచి కుట్టుకున్న పుస్తకం.
నలభై ఆరేళ్ళకు పసుపెక్కింది గానీ
పెన్సిలు గీత నిన్నటిలాగే ఉంది.
మా ఇంటిపేరు అంకం.
బల్లార్షాలో స్కోరు రాసే పని నాకే ఇవ్వడానికి
అంతకుమించి కారణమేదీ లేదు.

అప్పుడు ఆటకే జీతం.
ఆరడుగుల మూడంగుళాలుంటే గేటు దగ్గరే నౌకరీ.
పొద్దున వెదురు లారీల లెక్క, మధ్యాహ్నం నుంచి బంతి.
ఓడితే సోమవారం నుంచి రాత్రి పాళీ.
టేకు పలక, ఇనుప రింగు, వల ఉన్న రోజు పండగ.
వాన పడితే బొగ్గుబూడిద చల్లి ఆడేవాళ్ళు,
మోకాలు చీరుకుంటే ఆ నలుపు
తోలు కిందే ఉండిపోయేది.

ఇప్పుడు మనవడు సంకేత్
తెల్లవారుజామున దుప్పటి లోపల
ఫోన్లో అమెరికా ఆట చూస్తాడు.
"తాతా, మీ కాలపోళ్ళు ఇప్పుడాడితే
పది నిమిషాలు నిలుస్తరా?"
"మీవోళ్ళు మా బూడిదల ఉరికితే
పది అడుగులు నిలుస్తరా?"
రోజూ చాయ్‌లోకి ఇదే మాకు.

నిన్న తిక్క పుట్టి పుస్తకం తీశాను.
డెబ్బై ఎనిమిది, ఫైనల్, నాగ్‌పూర్ వాళ్ళతో.
మేము అరవై ఒకటి, వాళ్ళు అరవై నాలుగు.
సిడాం జంగు పేరు పక్కన ఏడు చుక్కలు.
మూడు పాయింట్ల గీత అప్పటికి పుట్టలేదు,
వర్ధా ఒడ్డు నుంచి వేసినా రెండే.
నాకది అన్యాయమనిపించి
జంగు దూరం నుంచి వేసినప్పుడల్లా
రెండు పక్కన ఓ చుక్క పెట్టేవాణ్ణి,
ఎవరూ అడగని చుక్క.

"ఏడు కలుపు," అన్నాడు సంకేత్, గొంతు మారిపోయి.
అరవై ఎనిమిది.
గెలిచాం.
నలభై ఆరేళ్ళ తర్వాత ఒక మంగళవారం
వంటింటి గడప మీద కూచుని గెలిచాం.
ఆ అరుపుకు కోడలు ఇటు తిరిగింది, పాలు పొంగిపోయాయి.

తర్వాత వాడే అడిగాడు, "ఏ గీత, తాతా?"
ముందు ఆరుంబావు మీటర్లకు గీశారట,
ఆ తర్వాతెప్పుడో ఆరుముప్పావుకు జరిపారట.
నా చుక్కకు అర మీటరు తేడా ఏం తెలుసు.
వాడి వేలు పేజీ మీద ఇంకా కిందికి జారింది.
"మరి నాగ్‌పూరోళ్ళ చుక్కలేవి?"

లేవు.
ఒక్కటీ లేదు.
వాళ్ళూ దూరం నుంచి వేశారు. ఎడమచేతి వాటం మనిషొకడు,
నుదుటికి రుమాలు కట్టుకునేవాడు, నాకు గుర్తుంది.
నాకు గుర్తుంది, పెన్సిలుకు లేదు.

సాయంత్రం ఇద్దరం జంగు ఇంటికి పోయాం,
లారీలు తూచే కాటా వెనకాల.
ఏడు చుక్కలూ చూపిస్తే చాలాసేపు నవ్వాడు.
"దూరం గీరం ఏం లేదు రాజలింగు,
లోపలికి పోతే ఆ నాగ్‌పూర్ పెద్దోడి మోచెయ్యి ఉండె.
దానికి సీటీ ఊదేటోడు అప్పుడెవడున్నడు?
భయపడి బయటికెళ్ళే ఇసిరిన."
నోరు తెరిచి సంకేత్‌కు చూపించాడు,
పై వరసలో రెండు పళ్ళ సందు.

"ఇప్పుడట్ల కొడితే ఆటలోంచే ఎళ్ళగొడ్తరు, దాదా."
"అట్లయితే నేను లోపలికే పోతుంటి గదరా బాబూ.
ఏడుకు ఏడూ రెండ్లే అయితుండె."

తిరిగొచ్చేటప్పుడు రైలుగేటు వేసి ఉంది.
సంకేత్ ఫోను తియ్యలేదు, నేనూ ఏమీ అనలేదు.
పోతున్న పెట్టెలు లెక్కపెట్టాను, అలవాటు కొద్దీ.

రాత్రి, పుస్తకం మూసే ముందు
నాగ్‌పూర్ వాళ్ళ వరసలో
గుర్తున్న మేరకు చుక్కలు పెట్టాను.
ఒకటి. రుమాలు మనిషికి ఇంకొకటి.
మూడోది, ఆట సగంలో, మూల నుంచి.

నాలుగోది ఉందా లేదా
పెన్సిలు ములికి నాలిక్కి తడుపుకుంటూ
ఇంకా ఆలోచిస్తున్నాను.