ఒక్క సెకను ఖాళీ

నెల్లిమర్ల మిల్లు గేటుకి ఎదురుగా
సెల్ పాయింటు వెనకాల
గుడ్ల అట్టలు అంటించిన గదిలో
గుంటలకి ర్యాప్ రికార్డు చేస్తాను.
గంటకి నూటయాభై.
కరెంటు పోయిన నిమిషాలు లెక్కలోంచి తీసేస్తాను.

ఈ గోడలు చాలా మగతనం విన్నాయి.

మొదట్లో, నాకు పంతొమ్మిదేళ్లప్పుడు,
లాకౌటు మీద పాడాం.
తాళానికి తాళమే ప్రాస:
గేటుకి వాళ్లు వేసింది ఒకటి, చేత్తో మేం వేసింది ఒకటి.
అప్పటికి మగాడంటే
జనపనార దుమ్ముకి దగ్గుతూ జెండా కింద నిలబడ్డ మా బాబు.
ఆ పాట ఎవడూ వినలేదు.

తర్వాత పాటలోకి కారొచ్చింది.
మాకున్నది సైకిలు, దానికి స్టాండు లేదు.
గొలుసొచ్చింది, గంటస్తంభం దగ్గర ఎనభై రూపాయలు,
చెమట పడితే మెడంతా పచ్చగా దిగేది.
తుపాకీ వచ్చింది.
చంపావతి ఇసకలో ఎడ్లబళ్లు తప్ప ఏమీ చూడనివాణ్ణి
కాల్చేస్తానన్నాను.
నా పేరు డెవిల్.
మా అమ్మ రేషన్ డిపో లైన్లో
"మా డేవిలు పాడతాడు" అని చెప్పుకునేది.

ఆ తర్వాత ఇందుమతి.
ఇంటర్లో నా ఉత్తరం మడత విప్పకుండా తిరిగిచ్చింది.
ఆమె మీద పదహారు లైన్లు రాశాను.
పేరుకి సరిపడే బూతు దొరికింది.
మెమరీ కార్డులెక్కి
రామతీర్థం ఆటోలన్నిట్లో తిరిగింది ఆ పాట.
ఆమె ఆ రోడ్డు మానేసింది.
అది నా హిట్టు.
అదొక్కటే.

మా తాత రాములప్పడు తప్పెటగుళ్లు కట్టేవాడు.
ఛాతీకి రేకు గుల్ల, కాళ్లకి గజ్జెలు,
భుజాల మీద మరో ఇద్దర్ని నిలబెట్టుకునే బలం.
అంత ఛాతీ మోగించి ఆయన పాడిందేమిటంటే
చెరసాల్లో దేవకి ఏడుపు.
ఆడగొంతుతో, కళ్లనిండా నీళ్లతో.
ఊళ్లో ఎవరూ నవ్వలేదంటారు.
నేను నవ్వాను. మూడో తరగతిలో.

మొన్న ఆదివారం గరివిడి నుంచి ఒక గుంటడొచ్చాడు, హేమగిరి.
జిమ్ము చేతులు, మోచేతి మీద సింహం పచ్చబొట్టు.
ఇదీ ఆ తోవేలే అనుకుని పాత బీటు పెట్టాను.
"అదొద్దన్నా. మెల్లగా ఎల్లేది ఏటైనా ఉందా?"

కంపెనీ మూశాక వాళ్ల నాన్న
అన్నం ముందు కూర్చోవడం పాడాడు.
కలపడం పాడాడు. తినకపోవడం పాడాడు.
మూడో చరణంలో చెయ్యెత్తి ఆపాడు.
"ఇక్కడ ఒక్క సెకను కాలీ వదిలెయ్యన్నా."
బీటు కూడానా?
"బీటు కూడా."
ఏముందిరా అక్కడ?

"అక్కడ మా నాన్న ఏడ్సాడు.
నాను సూడనట్టు
గుమ్మంలో సెప్పులు సర్దాను."

వాణ్ణి దేవుణ్ణి చెయ్యను.
బయటికెళ్లి చొక్కా ఎత్తి
పొట్ట లోపలికి పీల్చి నాలుగు ఫోటోలు తీసుకున్నాడు.
వాడి వెనకే వచ్చినవాడు నా పాత పదహారు లైన్లే అడిగాడు,
వేరే అమ్మాయి పేరు పెట్టి.
ఎన్నిసార్లు చేసిచ్చానో అలాంటివి.
ఆ రోజు మైకు పాడైందన్నాను.
నూటయాభై వదులుకోవడం గొప్పేం కాదు.
నిజం చెప్పకపోవడం ఇంకా గొప్ప కాదు.

పోయిన నెల పెద్దాసుపత్రి ల్యాబులో
షుగరు పరీక్షకి చెయ్యి చాపితే ఎదురుగా ఇందుమతి.
"పిడికిలి బిగించండి" అంది.
బిగించాను.
"వదలండి" అంది.
గుర్తుపట్టిందో లేదో,
దూది నొక్కి పట్టుకోమని తర్వాతివాళ్లని పిలిచింది.

రాత్రి షట్టరు దించి హేమగిరి ట్రాకు విన్నాను.
ఆ ఖాళీ నిజంగా ఖాళీ కాదు.
ఫ్యాను కిర్రుమంటోంది,
దూరంగా పలాస ప్యాసింజరు కూత,
గుంటడు ఉమ్మి మింగిన చప్పుడు.
ఇలాంటివి కత్తిరించడమే నా పని.
వేలు మౌసు మీదే ఉంది.

ఇంకోసారి విన్నాను.