రెండో బంతి

పేపర్లో ఫొటో నాది.
నెట్టు పైన నడుం విరిచి, చెయ్యెత్తి,
నోరు తెరిచి గాల్లో నేను.
కింద ఎడం మూల
కత్తిరించగా మిగిలిన రెండు వేళ్ళు
ఎవరివని అడిగినవాళ్ళు లేరు.

ఏసుపాదానివి.
రాజోలు కాలేజీ వాలీబాల్ టీముకి లిఫ్టరు.
మొదటి బంతి ఎవడు ఎలా ఆపినా
రెండోది వాడిదే.
కాలవలోకెళ్ళబోయేదాన్ని కూడా
పరిగెత్తుకెళ్ళి మోకాళ్ళ మీద జారి
వేళ్ళ చివర అందుకునేవాడు.
బంతి వాడి దగ్గర ఆగేది కాదు,
చేపపిల్ల జారినట్టు జారిపోయేది.
ఆ జారేలోపలే అంతా తేలిపోయేది:
ఎవడు కొట్టాలి,
ఎవడు కొట్టబోయినట్టు ఎగరాలి,
అవతలివాళ్ళు ఎటు మోసపోవాలి.

సర్వీసుకి ముందు వీపు వెనక వేళ్ళు చూపేవాడు.
ఒకటంటే నాకు, ఎత్తుగా, నెట్టు చివరికి.
రెండంటే మధ్యలో నరసింహమూర్తికి, పొట్టిగా.
పిడికిలంటే వెనక్కి.
మా ఐదుగురం
చెమటకి అంటుకుపోయిన ఆ బనీను వంక
జీతాల రిజిస్టరు చూసినట్టు చూసేవాళ్ళం.

వాళ్ళ నాన్న కాలవ మీద లస్కరు.
లాకు తలుపుల చక్రం తిప్పీ తిప్పీ
అరచేతులు కాయలు కాసిన మనిషి.
వంతులవారీ నీళ్ళొదిలే రోజుల్లో
అర్ధరాత్రి కర్రలతో వచ్చినవాళ్ళకి చెప్పేవాట్ట,
"ఎగువ చేను అరుస్తుందండీ,
శివారు చేను అరవదు. దానిదే ముందు వినాలి."
ఏసుపాదం నవ్వుతూ చెప్పేవాడిది.
నేనూ నవ్వేవాణ్ణి.
నాకు బంతి అందుతోంది కదా.

నర్సాపురంలో ఫైనలు.
సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి దాటాం.
మధ్యాహ్నానికి ఉప్పుగాలి లేచింది,
పైకెళ్ళిన బంతి పైనే పక్కకి జరుగుతోంది.
వాడు గడ్డిపరక తుంచి వదిలి చూసి
మళ్ళీ తుంచి వదిలి
ఏమీ మాట్లాడకుండా నిలబడ్డాడు.

ఐదో సెట్టు. పదమూడు, పద్నాలుగు. పద్నాలుగు వాళ్ళది.
గట్టు మీద జనమంతా నా పేరే.
అవతలి పొడుగాళ్ళిద్దరూ నా ఎదురుగానే.
వీపు వెనక పిడికిలి చూశాను.
చూసి కూడా
చివరి క్షణంలో నాకే ఇస్తాడనుకున్నాను.
మూడడుగులేసి లేచాను.
లేచాక బంతి లేదు.
నేనూ ఆ పొడుగాళ్ళూ గాల్లో
ముగ్గురం మొహాలు చూసుకున్నాం.

బంతి వాడి తల మీదుగా వెనక్కి,
కొల్లాటి చినబాబు దగ్గరికి వెళ్ళింది.
ఫస్టియరు, అంతర్వేది వైపు కుర్రాడు,
మూడు సెట్లుగా ఒక్క బంతీ అందనివాడు.
ఎదర నెట్టంతా
కోతలైన చేనంత ఖాళీ.

జానెడు బయట పడింది.

"వాడికెందుకిచ్చావురా" అని సారు
నలుగురిలో తిట్టాడు.
"లిఫ్టు పొట్టిదైందండి" అన్నాడు ఏసుపాదం.
అబద్ధం.
పైనుంచి చూసినవాణ్ణి నేను.
అంత గాలిలో ఆ బంతి
గూట్లో పెట్టిన దీపంలా నిలబడింది.

తిరుగు పంటులో
చినబాబు మోటారుసైకిళ్ళ మధ్య ముడుచుకు కూర్చుంటే
వాడి పక్కన చేరి
మరమరాల పొట్లం విప్పాడు.
నడి గోదాట్లో అడిగాను, నాకెందుకివ్వలేదని.
"నీకు ఇద్దరు కాపలా. వాడికి ఎవరూ లేరు."
కాసేపు నీళ్ళ వంక చూసి,
"శివారుకి వదిలినప్పుడు ఒకోసారి గట్టు తెగుద్ది.
మళ్ళీ వదలకూడదా ఏంటి?"

ఇరవై రెండేళ్ళయింది.
నాకిచ్చుంటే కొట్టేవాణ్ణనే
ఇప్పటికీ అంటాను, రొయ్యల చెరువు గట్టు మీద,
వినేవాళ్ళుంటే.

ఆ ఫొటో ఇంకా ఉంది, సెమీఫైనలు నాటిది.
బొటనవేలితో నన్ను మూసేస్తే
మిగిలేవి ఆ రెండు వేళ్ళే.
అందులో ఒకటి
అప్పటికే వాచి ఉంది.