ఒరిగిన పొద్దులు

ముందు డబ్బా సంగతి చెప్పాలి.
రొయ్యల మందు డబ్బా. లోపల నల్లరంగు పూసి
మూత చుట్టూ సైకిలు ట్యూబు బిగించాను.
కూల్‌డ్రింకు టిన్ను రేకు అగ్గిపెట్టంత కత్తిరించి
పదో నంబరు సూది మొనతో
గుచ్చీ గుచ్చనట్టు ఒక చిల్లు.
కటకం లేదు, నొక్కడానికి మీట లేదు.
చీమ తల పట్టని ఆ సందులోంచి
గోదారి మొత్తం తలకిందులుగా లోపలికొస్తుంది
తోపులాట లేకుండా.

మొదటి బొమ్మ సఖినేటిపల్లి రేవులో, పావుగంట.
పంటు వచ్చింది, వెళ్ళింది,
రెండు లారీలు, ఒక పెళ్ళివారి జట్టు, మేకలు,
టిక్కెట్లు చింపే ముసలయ్య ఇరవైసార్లు అటూ ఇటూ.
కడిగి చూస్తే ఎవరూ లేరు.
మోకు కట్టే గుంజ ఒక్కటే నిలబడింది,
దాని మీద ఎవరో ఆరేసిన తువ్వాలు.
"ఇందులో నేనేడండీ?" అన్నాడు ముసలయ్య.
కదలకుండా ఉంటే పడేవాడివన్నాను.
"కదలకపోతే కూడెవడెడతాడండీ?"
ఆయ్, అదీ నిజమే.

చీకటిగదంటే మా కొబ్బరి డొక్కల కొట్టు.
తలుపు సందుల్లో పాతచీర కుక్కి ఎర్రబల్బు పెట్టాను.
కాగితం తాతారావు గారిది,
స్టూడియో మూసి రీచార్జిల కొట్టు పెట్టుకున్నాక ఇచ్చేశారు:
"బూజు పట్టుంటుంది. పడితే పడుద్ది."
హైపో కాలేజీ ల్యాబుది, ఆ మాట మన మధ్యే ఉండనివ్వండి.
డెవలపరు దొరకలేదు.
కాఫీపొడి, చాకలిసోడా, మందులషాపు పుల్లబిళ్ళలు నూరి కలిపాను.
ఆ కంపుకి మా ఆవిడ రెండ్రోజులు కాఫీ మానేసింది.
పళ్ళెం ఊపుతుంటే
చేలో నీళ్ళు తీసినప్పుడు ముందు గట్లు తేలినట్టు
తెల్లటి కాగితంలోంచి నలుపు లేచింది.

ఇంకోసారి బచ్చలిపళ్ళ రసం పూసిన కాగితం మీద
నర్సాపురం లేసు ముక్క పరిచి వారం ఎండలో ఉంచాను.
ఎండ తగిలిన ఊదా వెలిసిపోయి
నీడ పడ్డచోటే రంగు మిగిలింది.
దాన్ని ఆపే మందు నాకు తెలీదు.
ఇప్పటికీ వెలుస్తూనే ఉంది, బీరువాలో.

ఫాల్గుణంలో ఒక డబ్బా లంకలో కట్టాను,
నక్కా మార్తమ్మ కొబ్బరిచెట్టుకి,
ఏటి అంచున, తూర్పు ముఖంగా.
"ఏం కట్టారండీ, కల్లుముంతా?"
పొద్దు తనంతట తనే గీసుకుంటుందన్నాను.
నవ్వలేదు. తలూపింది.

శ్రావణంలో వరద.
నేను వెళ్ళేసరికి చెట్టు లేదు,
చెట్టు నిలబడ్డ నేలా లేదు.
మార్తమ్మ బియ్యం డ్రమ్ములోంచి డబ్బా తీసింది.
"చెట్టెలాగూ పోద్ది, మీ డబ్బా ఎందుకు పోవాలని
నడుంలోతు నీళ్ళలో వెళ్ళి కోశానండి."
చిల్లు మీద తుమ్మజిగురు ముద్ద.
ఆ పని నేను చెప్పలేదు.

కొట్టులో, ఎర్రబల్బు కింద, ఇద్దరం చూశాం.
నేరేడు రంగు గీతలు, రోజుకొకటి,
గీత పక్కన గీత, చీపురు పుల్లల్లా నిలువుగా.
ముసురు పట్టిన రోజులకి ఖాళీలు.
ఆ తర్వాత కొన్ని గీతలు దిగువకి ఒరిగి
ముందటి గీతల్ని కోసుకుంటూ పోయాయి.
అవతలి గట్టు కూడా రెండుసార్లు పడింది,
ఒకసారి తిన్నగా, ఒకసారి ఏటవాలుగా.
నాకు పొద్దే ఒరిగినట్టుంది.
ఆవిడ గోటితో ఒరిగినవే లెక్కపెట్టింది. తొమ్మిది.
"ఇది బీటేసిన రోజు.
ఇది మేకల్ని అవతలికి దాటించిన రోజు.
ఇది మా పొయ్యిలోకి నీళ్ళొచ్చిన పొద్దున."
చివరి గీత దగ్గర గోరు ఆగింది.
"ఇది నేను కోసిన పొద్దున."
దాని పక్కన కాగితం ఉంది, ఏమీ లేదు.

హైపోలో వేస్తే సగం చెరుగుతుంది,
వెయ్యకపోతే చూసినంతసేపూ నల్లబడుతుంది, చెప్పాను.
"అయితే మూసెయ్యండి, చూశాం కదా."

గుమ్మం దాటుతూ ఆగి,
రవికెకి గుచ్చుకున్న సూది తీసి నా చేతిలో పెట్టింది.
"ఇంకోటి చెయ్యండి. వెనక వరసలో
రెండో చెట్టుకి కడదాం.
ఇప్పుడు అంచు అదేనండి."